ఆబ్జెక్టులకు చోటుండాలి: రొయ్యల గుంటకు, పొగాకు బ్యారన్‌కు మైక్రోకంట్రోలర్ ఎంపిక

జావానో పైథానో నేర్చుకున్న విద్యార్థి సొంతంగా ఒక పరికరం తయారు చేయాలనుకున్నప్పుడు చాలామంది మొదట చెప్పే పేరు ఆర్డుయినో యూనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు, అంటే సెన్సార్లను చదివి పరికరాలను నడిపే చిన్న చిప్పున్న బోర్డు. అది ఇందుకూరుపేటలో సొంత రొయ్యల గుంటల నీటి ఉష్ణోగ్రత చూసే మీటరు కావచ్చు, టంగుటూరు పక్క పల్లెలో పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఎండబెట్టే గది) వేడిని ఫోనుకు పంపే పెట్టె కావచ్చు, సలహా మాత్రం మారదు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి అది మంచి సలహాయే. క్లాసులు, ఆబ్జెక్టుల పద్ధతిలో ఆలోచించడం అలవాటైనవారికి మాత్రం అది సరిపోదు. వేగమెంత, పిన్నులెన్ని, ధరెంత అని అడిగే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: రాయబోయే ఆబ్జెక్టులు నిలవడానికి ఆ చిప్పులో ర్యామ్, అంటే ప్రోగ్రాము నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, ఎంత? మిగిలిన ఎంపిక చాలావరకు ఈ సమాధానం మీదే ఆధారపడుతుంది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి ఇలాంటి పనులకు సహజంగా నప్పుతుంది. నాలుగు గుంటలున్న రైతుకు ప్రతి గుంటకూ ఒక సెన్సార్, ఒక హెచ్చరిక హద్దు, చివరిసారి వచ్చిన రీడింగు, అది వచ్చిన సమయం ఉంటాయి. వీటిని విడివిడి వేరియబుల్స్‌గా రాస్తే మూడో గుంట హద్దుతో నాలుగో గుంట రీడింగును పోల్చే పొరపాటు ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. అదే ‘గుంట’ అనే ఒక క్లాసు రాసి నాలుగు ఆబ్జెక్టులు సృష్టిస్తే ఎవరి లెక్క వారి దగ్గరే ఉంటుంది. వచ్చే ఏడాది అయిదో గుంట తవ్వితే కోడులో పెరిగేది ఒక్క వరుస. ఈ సౌలభ్యాన్ని వదులుకోనక్కర లేదు. అయితే దానికయ్యే ఖర్చు చిప్పును బట్టి మారుతుంది.

ఆ ఖర్చును బైట్లలో చూద్దాం. యూనోలో ఉండేది ఏటీమెగా328పీ అనే 8 బిట్ల చిప్పు. వేగం 16 మెగాహెర్ట్జ్, ప్రోగ్రాముకు 32 కిలోబైట్ల ఫ్లాష్, నడిచేటప్పుడు వాడుకోవడానికి 2 కిలోబైట్ల ర్యామ్, అంటే 2048 బైట్లు. ఆర్డుయినోలో రాసేది నిజానికి సీ ప్లస్ ప్లస్. అందులో గుంట క్లాసుకు పిన్ను నంబరు 1 బైటు, హద్దు 4, రీడింగు 4, సమయం 4 కలిపి ఒక్కో ఆబ్జెక్టుకు 13 బైట్లు పడతాయి. పది గుంటలకు 130. ఇది యూనోకు బరువేమీ కాదు. వర్చువల్ ఫంక్షన్ (ఉప క్లాసులు తమ తీరులో మార్చుకోగల ఫంక్షన్) ఒకటి చేరిస్తే ఒక్కో ఆబ్జెక్టుకు 2 బైట్ల పాయింటర్ పెరుగుతుంది. దానికి తోడు, ఆ వర్చువల్ పట్టికను కూడా ఈ చిప్పు కంపైలర్ ర్యామ్‌లోనే పెడుతుంది. అదీ భరించదగినదే.

అసలు ఇబ్బంది మన ఆబ్జెక్టులతో కాదు, వాటితోపాటు వచ్చే లైబ్రరీలతో. 128 బై 64 చుక్కల చిన్న ఓలెడ్ తెరను నడిపే లైబ్రరీలు సాధారణంగా తెర బొమ్మ కోసమే 1024 బైట్లు తీసుకుంటాయి. రీడింగులు దాచడానికి ఎస్‌డీ కార్డు పెడితే దాని బఫరుకు 512 బైట్లు. కంప్యూటర్‌తో మాట్లాడే సీరియల్ బఫర్లకు మరో 128. గుంట గురించి ఒక్క అక్షరం రాయకముందే 1664 బైట్లు అయిపోయాయి. మిగిలిన 384 బైట్లలోనే ఆబ్జెక్టులు, స్టాక్, సందేశాల అక్షరాలు అన్నీ ఇమడాలి. ఇక్కడ స్ట్రింగ్ క్లాసుతో ‘గుంట 3: 29.5’ లాంటి వాక్యాలు కూర్చడం మొదలుపెడితే హీప్, అంటే నడిచేటప్పుడు అడిగి తీసుకునే మెమరీ భాగం, ముక్కలుముక్కలుగా చీలిపోతుంది. మొత్తం కలిపితే ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అడిగినంత పొడవున ఒకచోట దొరకదు. యూనో దీన్ని ఏ ఎర్రర్ సందేశంతోనూ చెప్పదు. రెండు మూడు రోజులు బాగా నడిచి, ఆ తర్వాత తెర మీద పిచ్చి అక్షరాలు చూపిస్తుంది, లేదా ఏ కారణమూ లేకుండా మొదటికి వస్తుంది. డెస్కుటాప్ మీద జావా రాసినవారికి ఇలాంటి లోపం ఎదురై ఉండదు గనుక తప్పు సెన్సార్‌లోనో వైరింగులోనో ఉందని వెతుకుతూ కాలం వృథా చేస్తారు.

అలాగని యూనోను పక్కన పెట్టేయనక్కర లేదు. ఆబ్జెక్టులన్నిటినీ ప్రోగ్రాము మొదట్లోనే ప్రకటించి, తర్వాత కొత్త ఆబ్జెక్టు పుట్టించే ‘న్యూ’ జోలికి, స్ట్రింగ్ జోలికి వెళ్లకుండా ఉంటే అది నమ్మకంగా పనిచేస్తుంది. పైగా దాని సొంత లైబ్రరీలోనే చక్కని పాఠం ఒకటుంది. సీరియల్ పోర్టును నడిపే క్లాసు, రెండు వరుసల ఎల్‌సీడీ తెర క్లాసు, నెట్‌వర్కు మీద డేటా పంపే క్లాసు, ఈ మూడూ ‘ప్రింట్’ అనే ఒకే మూల క్లాసు నుంచి వచ్చినవి. అందువల్ల ఆ మూల క్లాసు రిఫరెన్సును తీసుకునే ఒకే ఒక్క ఫంక్షన్ రాస్తే గుంటల నివేదిక తెర మీదికీ, కంప్యూటర్‌కూ, నెట్‌వర్కుకూ మార్పు లేకుండా వెళ్తుంది. పాలిమార్ఫిజం అంటే జంతువుల క్లాసు, అందులో కుక్క, పిల్లి అని పుస్తకంలో చదివినప్పటికంటే ఇక్కడ దాని ప్రయోజనం వెంటనే అర్థమవుతుంది.

పైథాన్‌లో రాయాలనుకుంటే కథ వేరు. డామియన్ జార్జ్ 2013లో కిక్‌స్టార్టర్ అనే నిధుల సేకరణ వెబ్‌సైటు ద్వారా మొదలుపెట్టిన మైక్రోపైథాన్‌కు, అంటే ఇలాంటి చిప్పుల కోసం చేసిన పైథాన్‌కు, సుమారు 256 కిలోబైట్ల ఫ్లాష్, కనీసం 16 కిలోబైట్ల ర్యామ్ కావాలి. కనుక యూనో ఈ లెక్కలోకే రాదు. అదే గుంట ఆబ్జెక్టు మైక్రోపైథాన్‌లో 13 బైట్లతో సరిపెట్టుకోదు. ప్రతి లక్షణానికీ పేరు, విలువ రెండూ నమోదవుతాయి. దశాంశ సంఖ్య ఒక్కొక్కటీ విడిగా ఒక ఆబ్జెక్టు. అన్నీ కలిపి వంద బైట్ల దరిదాపుకు వస్తుంది. 2021 జనవరిలో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోలోని ఆర్‌పీ2040 చిప్పుకు 264 కిలోబైట్ల ర్యామ్ ఉంది. మైక్రోపైథాన్ తన వాటా తీసుకున్నాక కూడా 150 కిలోబైట్లకు పైగా మిగులుతుంది. పది గుంటలు కాదు, వంద గుంటలైనా ఇముడుతాయి. విడుదలైనప్పుడు దాని ధర 4 డాలర్లు. వైఫై ఉన్న పికో డబ్ల్యూ 2022లో వచ్చింది. 2024లో వచ్చిన పికో 2లో ర్యామ్ 520 కిలోబైట్లకు పెరిగింది.

ర్యామ్ ఒక్కటే కాదు, పైథాన్ వైపు మొగ్గడానికి మరో బలమైన కారణం లోపాలను పట్టుకునే తీరు. పొగాకు బ్యారన్‌నే తీసుకుందాం. కర్రలకు కట్టిన పచ్చి ఆకు మొదట సుమారు 35 నుంచి 40 డిగ్రీల మధ్య పసుపు రంగుకు తిరగాలి. తర్వాత మెల్లగా వేడి పెంచుతూ, చివర ఈనె ఎండే దశలో 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఈ పనికి డీఎస్18బీ20 అనే సెన్సార్ చక్కగా సరిపోతుంది. అది 125 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. 85 డిగ్రీల లోపు తేడా అర డిగ్రీకి మించదు. అయితే వైరు ఊడిపోయినప్పుడు ఆర్డుయినోలో ఎక్కువగా వాడే లైబ్రరీ మైనస్ 127 అనే సంఖ్యను తిరిగి ఇస్తుంది. అది కూడా మామూలు సంఖ్యే కదా, ‘65 కంటే తక్కువ ఉందా’ అన్న పోలికలో అవునని తేలుతుంది. ‘వేడి తగ్గింది’ అన్న సందేశం ఫోనుకు పోతుంది. రైతు లేచి పొయ్యిలో ఇంకో నాలుగు కట్టెలు వేస్తాడు. వేడి తగ్గనే లేదు, తెగింది వైరు మాత్రమే. బ్యారన్ నిండా ఆకు పాడవడానికి అంత చాలు.

యూనోలో సీ ప్లస్ ప్లస్ ఎక్సెప్షన్లు పనిచేయవు గనుక ప్రతి రీడింగు తర్వాతా ఆ మైనస్ 127ను విడిగా పరీక్షించడం రాసేవారి బాధ్యత. మైక్రోపైథాన్ డ్రైవరు అలా కాదు. వచ్చిన బైట్ల సరిచూపు తప్పితే ఎక్సెప్షన్ విసురుతుంది. పట్టుకోకపోతే ప్రోగ్రామే ఆగుతుంది, పట్టుకుంటే ‘సెన్సార్ పలకడం లేదు’ అని సరైన సందేశం పంపవచ్చు. ఏ భాష వాడినా మరో సంఖ్య విషయంలో జాగ్రత్త అవసరం. ఈ సెన్సార్‌కు కరెంటు అందిన వెంటనే, కొలత జరగకముందే చదివితే 85 డిగ్రీలని చెబుతుంది. అది సరిచూపులో కూడా నెగ్గుతుంది. నిమిషం క్రితం 52 ఉన్న చోట 85 వస్తే నమ్మకూడదన్న తెలివి సెన్సార్ క్లాసులోనే ఉండాలి. ప్రతి చోటా మళ్లీ మళ్లీ రాయనక్కర లేకుండా ఇలాంటి తెలివిని ఒకచోట దాచిపెట్టడానికే క్లాసులున్నాయి.

తేమ కోసం చౌకగా దొరికే డీహెచ్‌టీ11 బ్యారన్‌లో పనికిరాదు. దాని పరిధి 50 డిగ్రీలతో ముగుస్తుంది. డీహెచ్‌టీ22 పరిధి 80 దాకా ఉన్నా చివరి దశలో అది హద్దుకు దగ్గరలోనే పనిచేయాల్సి ఉంటుంది. సెన్సార్ అనే మూల క్లాసు పెట్టుకుంటే రేపు మరో రకం సెన్సార్ కొన్నా మిగతా ప్రోగ్రాముకు దెబ్బ తగలదు.

ఇక ఈఎస్‌పీ32. ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో తెచ్చిన ఈ చిప్పులో 240 మెగాహెర్ట్జ్ వరకు నడిచే రెండు కోర్లు, 520 కిలోబైట్ల ర్యామ్, వైఫై, బ్లూటూత్ ఉన్నాయి. సీ ప్లస్ ప్లస్‌లో రాయవచ్చు, మైక్రోపైథాన్‌లో రాయవచ్చు. సీ షార్ప్ వచ్చినవారికి డాట్‌నెట్ నానోఫ్రేమ్‌వర్క్ ఉంది. మూడు భాషలకూ తలుపు తీసి ఉంచిన బోర్డు గనుక, ఒక్కటే కొనగలిగితే ఇదే కొనాలి. కళాశాలలో సీ షార్ప్ చెప్పకపోయినా జావా రాసిన చేతికి అది పెద్దగా కొత్తనిపించదు. జావాను సూటిగా ఈ తరగతి బోర్డుల మీద నడపాలన్న ఆశ మాత్రం ప్రస్తుతానికి వదులుకోవడం మేలు. అభిరుచి కోసం చేసేవారికి సాయపడే లైబ్రరీలు, ఉదాహరణలు ఆ వైపు దాదాపు లేవు. జావాస్క్రిప్ట్‌కు ఎస్ప్రుయినో ఉంది, దానికీ ఇష్టపడేవారున్నారు.

ఈఎస్‌పీ32తో వచ్చే చిక్కులు ముందే తెలిస్తే మంచిది. దాని పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టుల సెన్సార్‌ను నేరుగా కలిపితే పిన్ను దెబ్బతింటుంది. అనలాగ్ సంకేతాలను చదివే రెండు విభాగాల్లో రెండోది వైఫై నడుస్తున్నప్పుడు పనిచేయదు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే అనలాగ్ ప్రోబ్‌ను పొరపాటున ఆ పిన్నుకు కలిపితే బల్ల మీద పరీక్షించినప్పుడు చక్కగా నడిచి, వైఫై కలిపిన రోజు నుంచి మొరాయిస్తుంది. వైఫై పంపేటప్పుడు కరెంటు కొన్ని వందల మిల్లీయాంపులకు ఎగబాకుతుంది, బలహీనమైన అడాప్టరుతో బోర్డు పదేపదే రీసెట్ అవుతుంది.

బ్యాటరీ మీద నడిపేవారు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పని లేనప్పుడు చిప్పు దాదాపు అన్నీ ఆపేసుకునే గాఢ నిద్రలో అది తీసుకునే కరెంటు పది మైక్రోయాంపుల దగ్గర ఉంటుంది. బోర్డు మీదున్న రెగ్యులేటరు, యూఎస్‌బీ చిప్పు, ఎర్ర లైటు కలిసి దాన్ని మిల్లీయాంపులకు చేరుస్తాయి. అంతకంటే ముఖ్యమైనది, నిద్ర లేచిన చిప్పు ప్రోగ్రామును మొదటి నుంచి నడుపుతుంది. నిద్రకు ముందున్న ఆబ్జెక్టులేవీ మిగలవు. గత రీడింగు, ఎన్ని హెచ్చరికలు పంపాం లాంటివి నిద్రలోనూ చెరగని ఆర్‌టీసీ మెమరీలోనో ఫ్లాష్‌లోనో దాచుకుని, లేచాక ఆబ్జెక్టు మళ్లీ అక్కడి నుంచి చదువుకోవాలి. క్లాసు రాసేటప్పుడే ‘దాచు’, ‘తిరిగి తెచ్చుకో’ అనే రెండు మెథడ్లు పెట్టుకుంటే తర్వాత బాధ ఉండదు.

విడవలూరు, అల్లూరు వైపు గుంటల గట్ల మీద వైఫై ఎక్కడిది అన్నది న్యాయమైన ప్రశ్న. చౌకగా దొరికే సిమ్800ఎల్ మాడ్యూల్ 2జీ నెట్‌వర్కు మీద పనిచేస్తుంది. జియోకు 2జీ లేదు గనుక ఆ సిమ్ వేస్తే ఎంత సిగ్నల్ ఉన్నా పనిచేయదు. సందేశం పంపే క్షణంలో ఆ మాడ్యూల్ 2 యాంపుల వరకు లాగుతుంది, దాన్ని బోర్డు పిన్ను నుంచి నడపకూడదు. ఇల్లు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో ఉండి మధ్యలో అడ్డు లేకపోతే లోరా అనే, తక్కువ కరెంటుతో దూరానికి పంపే రేడియో మంచి మార్గం. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు అక్కర లేదు. కొనేటప్పుడు 433 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ అంటగట్టకుండా చూసుకోవాలి. పంపే మార్గం ఏదైనా ‘సందేశవాహకం’ అనే ఒక మూల క్లాసు వెనుక దాచితే గుంట ఆబ్జెక్టుకు ఆ గొడవ తెలియనక్కర లేదు.

గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల సంగతి వచ్చినప్పుడు మాత్రం ఉత్సాహాన్ని అదుపులో పెట్టాలి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది గనుక తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే గంటల్లోనే రొయ్య చనిపోతుంది. కాబట్టి కరెంటు పోయిందని నిద్ర లేపే పరికరం అభిరుచి స్థాయిలో చేయదగిన గొప్ప పని, దానికి ఏ బోర్డయినా చాలు. మూడు ఫేజుల మోటారును బోర్డుతో ఆపడం, నడపడం వేరే పని. బోర్డు ఆదేశంతో పనిచేసే స్విచ్చు, అంటే నీలం రంగు చిన్న రిలే, దాన్ని మోయలేదు. రిలే కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చును నడపాలి, కాంటాక్టరు మోటారును నడపాలి, ఆ భాగాన్ని ఎలక్ట్రీషియన్ బిగించాలి. తడి గట్టు మీద కరెంటుతో ప్రయోగాలు ఎవరూ చేయకూడదు.

మిగిలిన బోర్డుల గురించి కొద్దిగా. బ్లూ పిల్ అని పిలిచే ఎస్‌టీఎం32 బోర్డుకు 64 కిలోబైట్ల ఫ్లాష్, 20 కిలోబైట్ల ర్యామ్ ఉన్నాయి. సీ ప్లస్ ప్లస్‌కు బాగుంటుంది, మైక్రోపైథాన్‌కు చాలదు, నకిలీ చిప్పులు కూడా ఎక్కువ. మైక్రోబిట్ రెండో వెర్షన్‌కు 128 కిలోబైట్ల ర్యామ్, బోర్డు మీదే సెన్సార్లు ఉన్నాయి, బడి పిల్లలకు అది హాయి. 2023లో వచ్చిన యూనో ఆర్4కు 32 కిలోబైట్ల ర్యామ్ ఉంది. యూనో మీద తగిలించే అదనపు బోర్డులు, అంటే పాత షీల్డులు, ఇంట్లో పడి ఉన్నవారికి అది సరైన మెట్టు.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అలవాట్లు చిప్పు మీద తడబడే చోట్లు రెండు ఉన్నాయి. మొదటిది ఇంటరప్ట్, అంటే పిన్ను మీద సంకేతం రాగానే చేస్తున్న పని ఆపి ఒక ఫంక్షన్‌ను నడపడం. నీటి మీటరు పల్స్‌లు లెక్కించడానికి ఆబ్జెక్టు మెథడ్‌నే ఇంటరప్ట్‌కు అప్పగించాలని ఎవరికైనా అనిపిస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో మామూలు మెథడ్‌ను అలా నేరుగా ఇవ్వడం కుదరదు, స్టాటిక్ ఫంక్షన్ ద్వారా దారి చూపాలి. మైక్రోపైథాన్‌లో ఇవ్వవచ్చు గానీ హార్డ్ ఇంటరప్ట్ లోపల కొత్త మెమరీ అడగకూడదు. దశాంశ సంఖ్యలు కూడినా, ఆబ్జెక్టు మెథడ్‌ను నడపకుండా పేరుతో తీసి ఎక్కడికైనా అందించినా కొత్త ఆబ్జెక్టు పుడుతుంది. అందుకే ఆ మెథడ్ రిఫరెన్సును కన్‌స్ట్రక్టరులోనే ఒకసారి తీసి దాచుకుంటారు. ఇంటరప్ట్‌లో పూర్ణాంకాన్ని ఒకటి పెంచి బయటికి వచ్చేయడమే క్షేమం.

రెండోది సమయం. డీఎస్18బీ20 పూర్తి సూక్ష్మతతో ఒక కొలత తీయడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. బ్యారన్‌లో పైనా కిందా కలిపి ఎనిమిది సెన్సార్లు ఒకే వైరు మీద ఉన్నాయనుకుందాం. ప్రతిదానికీ 64 బిట్ల సొంత చిరునామా ఉంటుంది గనుక ఇబ్బంది లేదు. ప్రతి సెన్సార్ ఆబ్జెక్టూ ‘చదువు’ అనగానే తానే కొలత మొదలుపెట్టి, తానే వేచి ఉండేలా రాయడం పాఠ్యపుస్తకం ప్రకారం ముచ్చటైన క్లాసు. ఎనిమిదింటికీ కలిపి 6 సెకన్లు పోతాయి. ఇప్పుడు బోర్డు స్తంభించినప్పుడు తానే రీసెట్ అయ్యేందుకు పికోలో వాచ్‌డాగ్ పెడతారు; గడువులోగా ప్రోగ్రాము నుంచి పిలుపు అందకపోతే అది బోర్డును రీసెట్ చేస్తుంది. దాని గరిష్ఠ గడువు 8.3 సెకన్లు, ఒకసారి మొదలుపెడితే ఆపడం కుదరదు. 6 సెకన్ల కొలతకు వైఫై కలపడంలో ఆలస్యం తోడైతే ఏ లోపమూ లేని ప్రోగ్రాము రాత్రంతా రీసెట్ అవుతూనే ఉంటుంది.

దీనికి విరుగుడు వైరునే ఒక ఆబ్జెక్టుగా చూడడం. అందరూ కొలవండని వైరు ఆబ్జెక్టు ఒకేసారి ఆదేశం ఇస్తుంది, 750 మిల్లీసెకన్లు ఒక్కసారే వేచి ఉంటుంది, తర్వాత ఒక్కో సెన్సార్ తన చిరునామాతో తన ఫలితాన్ని తీసుకుంటుంది. ఎనిమిది సెన్సార్ల పని సెకను దరిదాపులో ముగుస్తుంది. వాచ్‌డాగ్‌కు గడువు పొడిగించే పిలుపును ఏ సెన్సార్ క్లాసులోనూ పెట్టకూడదు. ఒక్క సెన్సార్ నడుస్తూ మిగతావి ఆగిపోయినా అంతా బాగుందని అది చెప్పేస్తుంది. ప్రధాన లూపు చివర, అన్ని సెన్సార్ల రీడింగులు అంది, సందేశవాహకం తన పని ముగించాక మాత్రమే ఆ పిలుపు ఉండాలి.